ఇంట్లో చేసుకున్న ఫజ్ పెడల్ కీచుమని అరుస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

చివరి వైరు అతికించి, బ్యాటరీ తగిలించి, గిటార్ జాక్ పెట్టి ఫుట్‌స్విచ్ తొక్కుతారు. ఇంకా తీగ మీద వేలు కూడా పడదు, ఆంప్‌లోంచి కీ... మని ఒకటే అరుపు. ఫజ్ నాబ్ తిప్పితే ఆ ఈల కాస్తా గురకలా మారుతుంది, ఇంకొంచెం తిప్పితే మళ్లీ ఈల. ఫజ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే కాలి డబ్బా) సొంతంగా చేసుకున్నవాళ్లలో ఈ అరుపు విననివాళ్లు తక్కువే.

అప్పుడు చాలామంది చేసే మొదటి పని ట్రాన్సిస్టర్లు పీకి కొత్తవి పెట్టడం. నేనూ అదే చేశాను. ఎలక్ట్రానిక్ పార్టుల కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి రెండుసార్లు వెళ్లొచ్చి, మూడు జతలు మార్చి, ఆఖరికి ఒక వైరును అర అంగుళం పక్కకి జరిపితే అరుపు ఆగింది. అందుకే పార్టులు మార్చే సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు తేల్చుకోవాల్సింది ఆ అరుపు ఏ దారిలో పుడుతోందన్నది. దారులు ముఖ్యంగా మూడు: ఇన్‌పుట్ వైపు, కరెంటు వైపు, ట్రాన్సిస్టర్ లోపల. ఏ దారో చెప్పే పరీక్షలకి పెద్దగా సమయం పట్టదు, చేతిలో మల్టీమీటర్ ఉంటే చాలు.

ముందుగా, ఈ అరుపు ఎందుకొస్తుంది

నేను మాట్లాడుతున్నది రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్ గురించి. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ గుండ్రటి డబ్బాలో పెట్టి అమ్మిన ఫజ్ ఫేస్ సర్క్యూట్ ఇది. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు (33కె, 8.2కె, 470 ఓమ్, 100కె; కె అంటే కిలో ఓమ్), మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు (నాబ్‌తో తిప్పే రెసిస్టర్లు), అంతే. ఇంత చిన్నది కాబట్టే అందరూ దీంతోనే మొదలుపెడతారు. దీనికి చాలామంది చేసుకునే మార్పు ఒకటుంది: అవుట్‌పుట్ నుంచి ఒక వైరు తీసి, 100కె పాట్ గుండా, కాలితో నొక్కి ఉంచినంతసేపే పనిచేసే స్విచ్ గుండా, తిరిగి ఇన్‌పుట్‌కి కలపడం. ఈ ఫీడ్‌బ్యాక్ స్విచ్ నొక్కితే పెడల్ తనంతట తానే పాడుతుంది. అమెరికాలో జాకరీ వెక్స్ 1990లలో తెచ్చిన ఫజ్ ఫ్యాక్టరీ పెడల్ అయితే ఈ అరుపునే వాయిద్యంలా వాయించుకోవచ్చని చూపించింది. మ్యూజ్ బ్యాండ్ మాథ్యూ బెల్లమీ ఆ సర్క్యూట్‌ను ఏకంగా గిటార్ లోపలే పెట్టించుకున్నాడు. కాబట్టి అరుపును పూర్తిగా చంపేయడం మన ఉద్దేశం కాదు. మనం నొక్కినప్పుడు రావాలి, వదలగానే పోవాలి.

పెళ్లి పందిట్లో మైకు పట్టుకుని స్పీకర్ ముందుకు వెళ్తే కూ... మని వస్తుంది కదా, పెడల్‌లో జరిగేదీ అదే. స్పీకర్‌లోంచి వచ్చింది మైకులోకి దూరి, మళ్లీ పెద్దదై స్పీకర్‌కే చేరి, అలా తిరుగుతూనే ఉంటుంది. పెడల్‌లో స్పీకర్ స్థానంలో అవుట్‌పుట్ వైరు, మైకు స్థానంలో ఇన్‌పుట్ వైరు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఈ సర్క్యూట్‌లో ఒక్కో ట్రాన్సిస్టర్ సిగ్నల్‌ని తలకిందులు చేసి పంపుతుంది. ఒక ట్రాన్సిస్టరే ఉంటే అవుట్‌పుట్ తిరిగొచ్చి ఇన్‌పుట్‌లో కలిసినా ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి, పెద్దగా గొడవ ఉండదు. రెండున్నప్పుడు రెండుసార్లు తలకిందులై మళ్లీ మొదటిలాగే నిలబడుతుంది. అంటే అవుట్‌పుట్ నుంచి ఏ కాస్త ఇన్‌పుట్‌లోకి జారినా అది సరిగ్గా తోడై కూర్చుంటుంది. పైగా ఈ పెడల్ సిగ్నల్‌ని వందల రెట్లు పెంచుతుంది. వైర్లు ఒకదానికొకటి తగలక్కర్లేదు, పక్కపక్కన నడిస్తే చాలు.

పెడల్ తప్పేనా అని ఖాయం చేసుకోండి

డబ్బా విప్పే ముందు ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించండి. ఈ ఈల చెవులకీ మంచిది కాదు, స్పీకర్‌కీ మంచిది కాదు. మధ్యలో ఉన్న పెడల్స్ అన్నీ తీసేసి గిటార్, ఫజ్, ఆంప్, ఈ మూడే ఉంచండి. అడాప్టర్ వాడుతుంటే తీసేసి కొత్త 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. బ్యాటరీ మీద అరుపు లేకపోతే పెడల్ బాగానే ఉన్నట్టు, గోల అడాప్టర్‌ది. సెల్‌ఫోన్ ఛార్జర్ లాంటి చవక అడాప్టర్లు సన్నగా ఈల వేస్తాయి, ఫజ్ దాన్ని వందల రెట్లు పెంచి వినిపిస్తుంది. కరెంటు పోయి ఇల్లు ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు వచ్చే జర్రుమనే శబ్దం కూడా పెడల్‌ది కాదు. ఆ టైములో పరీక్షలు పెట్టుకోకండి, అనవసరంగా తలనొప్పి.

తీగల మీద చెయ్యి వేయగానే తగ్గిపోయే బూ... మనే శబ్దం హమ్. అది గ్రౌండ్‌కి (సర్క్యూట్ మొత్తానికీ ఉమ్మడిగా ఉండే తిరుగు వైరు), ఇంటి ఎర్తింగ్‌కి, పికప్‌కి (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) సంబంధించిన విషయం, దాని దారి వేరు. ఈ వ్యాసం ఈల కోసం, గురక కోసం, డుగుడుగుమనే చప్పుడు కోసం.

ఇంకొకటి కూడా చూసుకోండి. గిటార్ పికప్‌లే ఆంప్ శబ్దాన్ని పట్టుకుని అరుస్తుండవచ్చు. ఆంప్‌కి హెడ్‌ఫోన్స్ పెట్టి వినండి. హెడ్‌ఫోన్స్‌లో కూడా అరుపు అలాగే ఉంటేనే పెడల్ విప్పండి.

గిటార్ వాల్యూమ్ నాబ్ పరీక్ష

నన్నడిగితే అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే, పైగా దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. పెడల్ ఆన్‌లో ఉంచి, ఫజ్ నాబ్ పూర్తిగా పెంచి, గిటార్ వాల్యూమ్‌ని 10 నుంచి నెమ్మదిగా సున్నాకి తీసుకురండి. సున్నా దగ్గర మామూలు గిటార్‌లో సిగ్నల్ వైరు గ్రౌండ్‌కి అతుక్కున్నట్టే. అంటే పెడల్ ఇన్‌పుట్ నోరు మూసేసినట్టు.

సున్నా దగ్గర అరుపు ఆగిపోతే అది ఇన్‌పుట్ గుండానే తిరుగుతోంది. 10లో నిశ్శబ్దంగా ఉండి, ఏడు ఎనిమిది దగ్గర మాత్రం ఈల వస్తే అదీ ఇన్‌పుట్ దారే. వాల్యూమ్ కాస్త తగ్గించినప్పుడు నాబ్‌లోని రెసిస్టెన్స్ పికప్‌కీ పెడల్‌కీ మధ్య అడ్డం పడుతుంది, ఇన్‌పుట్ వైరుకి పట్టు సడలుతుంది, పక్క వైరు నుంచి జారి వచ్చేది సులువుగా లోపలికి వెళ్తుంది. సున్నాలో కూడా అరుపు ఏమాత్రం మారకుండా కొనసాగితే ఇన్‌పుట్‌ని వదిలేయండి, అది కరెంటు దారి అయినా అయ్యుండాలి, ట్రాన్సిస్టర్ లోపలిదైనా అయ్యుండాలి.

గిటార్ జాక్ పీకేసి చూస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్ జాక్ పీకగానే బ్యాటరీ కూడా తెగిపోతుంది, స్టీరియో జాక్ వాడేది అందుకే. అప్పుడు అరుపు ఆగితే అది ఇన్‌పుట్ వల్ల ఆగిందో బ్యాటరీ తెగినందుకు ఆగిందో తెలియదు. కాబట్టి జాక్ తీయకుండా నాబ్‌తోనే చూడండి.

ఇన్‌పుట్ దారి అయితే

ఇప్పుడు డబ్బా విప్పండి. ఒక అగరుబత్తి వెలిగించి కాలిపోనిచ్చాక మిగిలిన పుల్ల తీసుకోండి, లేదా ఐస్‌క్రీమ్ పుల్ల. ఇనుప వస్తువు వద్దు, అది తగిలితేనే కొత్త శబ్దాలొస్తాయి. పెడల్ అరుస్తుండగానే ఆ పుల్లతో ఒక్కో వైరునీ మెల్లగా పక్కకి జరపండి. నా పెడల్‌లో ఇలా చేసినప్పుడు వాల్యూమ్ పాట్ నుంచి ఫుట్‌స్విచ్‌కి వెళ్లే తెల్ల వైరు మీద పుల్ల ఆనించగానే ఈల శ్రుతి మారింది. పైకి ఎత్తుతుంటే ఈల దిగుతూ దిగుతూ, ఒకచోట గరగరమని, పూర్తిగా ఆగిపోయింది. వదిలితే మళ్లీ వచ్చింది. ఆ వైరు ఇన్‌పుట్ వైరుతో కలిపి, చూడ్డానికి పొందిగ్గా ఉంటుందని నేనే దారంతో కట్టిన కట్టలో ఉంది. ఆ కట్ట విప్పి ఇన్‌పుట్ వైరును డబ్బా ఎడమ గోడ వెంట, అవుట్‌పుట్ వైరును కుడి గోడ వెంట పోనిచ్చాను. ఆ పెడల్ ఇప్పటికీ నిశ్శబ్దంగానే ఉంది.

మీకూ అలా ఒక వైరు దొరికితే దాన్ని వీలైనంత పొట్టిగా కత్తిరించి మళ్లీ అతికించండి. పెడల్ లోపల వైర్లు అందంగా కట్టలు కట్టి ఉండాలనే కోరికను ఫజ్ విషయంలో వదిలేయాలి. రెండు వైర్లు దాటుకోక తప్పకపోతే పక్కపక్కన నడవకుండా అడ్డంగా, కూడలిలా దాటనివ్వండి. అప్పటికీ లొంగకపోతే ఇన్‌పుట్ జాక్ నుంచి బోర్డు దాకా షీల్డ్ వైరు వేయండి. పాత మైకు కేబుల్ ముక్క ఉన్నా సరిపోతుంది. దాని బయటి అల్లికను ఒక్క చివరే గ్రౌండ్‌కి కలపండి, రెండో చివర కత్తిరించి టేపు చుట్టండి.

వైర్ల తర్వాత చూడాల్సింది ఫుట్‌స్విచ్. తొమ్మిది కాళ్ల స్విచ్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్లు అగ్గిపుల్ల మందం దూరంలో ఉంటాయి. అక్కడ సోల్డర్ ఉబ్బెత్తుగా పడితే దూరం ఇంకా తగ్గుతుంది. పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా వెనకాల సన్నగా ఈల వినిపిస్తోందంటే మీ స్విచ్ వైరింగ్‌లో బోర్డు ఇన్‌పుట్ గాల్లో వేలాడుతోందని అర్థం. బోర్డు ఎవరూ వినకపోయినా లోపల అరుస్తూనే ఉంటుంది, ఆ అరుపు పక్క కాలిలోకి జారుతుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు బోర్డు ఇన్‌పుట్ గ్రౌండ్‌కి తగిలేలా వైరింగ్ మార్చుకుంటే అది పోతుంది, దానికి ఒక్క వైరు ఎక్కువ పడుతుంది.

ఫజ్ ముందు వా పెడల్ (కాలితో ఊపుతూ వా... వా... అనిపించేది) ఉంటేనే అరుస్తోందా? అది మీ సోల్డరింగ్ తప్పు కాదు. ఆ రెండిటికీ పడకపోవడం పాత సంగతే. ఫజ్ ఇన్‌పుట్ వా అవుట్‌పుట్‌ను కిందికి లాగేస్తుంది. వా చివర్లో ఒక ట్రాన్సిస్టర్‌తో చిన్న బఫర్ (ఒకదాని బరువు ఇంకోదాని మీద పడకుండా మధ్యలో నిలబడే సర్క్యూట్) పెట్టుకుంటే సర్దుకుంటుంది.

కరెంటు దారి అయితే

దీని గుర్తు చాలాసార్లు ఈల కాదు, చప్పుడు. డుగు డుగు డుగుమని పొలంలో ఆయిల్ ఇంజిన్ నడిచినట్టు. బ్యాటరీ నీరసపడేకొద్దీ పెరుగుతుంది. కారణం తేలికే: రెండో ట్రాన్సిస్టర్ కరెంటు లాగిన ప్రతిసారీ నీరసపడిన బ్యాటరీ వోల్టేజీ కాస్త కుంగుతుంది, ఆ కుంగుడు మొదటి ట్రాన్సిస్టర్‌కి సిగ్నల్‌లా కనిపిస్తుంది, అది మళ్లీ రెండోదాన్ని కదిలిస్తుంది.

పరీక్ష కోసం 100 మైక్రోఫారాడ్, 16 లేదా 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి తీసుకుని బోర్డు మీద కరెంటు వచ్చే చోట, ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య పట్టుకోండి. ఒంటి మీద చార ఉన్న కాలు మైనస్, తిరగేసి పెట్టకండి. చప్పుడు ఆగినా, వేగం మారినా దారి దొరికినట్టే. దాన్ని అక్కడే అతికించేసి, బ్యాటరీ ప్లస్ వైరుకీ బోర్డుకీ మధ్య 100 ఓమ్ రెసిస్టర్ ఒకటి వేయండి. అడాప్టర్ గోలను కూడా ఈ జంట చాలావరకు ఆపుతుంది.

ఏ తేడా రాకపోతే గ్రౌండ్ చూడండి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్ నుంచి అవుట్‌పుట్ జాక్ గ్రౌండ్‌కి, అక్కడి నుంచి బోర్డుకి, పాట్‌ల ఒంటికి, డబ్బాకి కొలవండి. మీ మీటర్ ముళ్లు (కొలిచే వైర్ల మొనలు) రెండూ ఒకదానికొకటి తాకించినప్పుడు ఎంత చూపిస్తుందో దాదాపు అంతే రావాలి. రెండు మూడు ఓమ్‌లు ఎక్కువ వస్తే ఎక్కడో సోల్డర్ సరిగ్గా కరగలేదు. రంగు వేసిన డబ్బా అయితే జాక్ కూర్చునే చోట లోపలి రంగును ఉప్పు కాగితంతో గీకేయాలి, లేకపోతే డబ్బా గ్రౌండ్‌కి అందదు.

చెవికి వినిపించని అరుపు

మూడో దారి, ట్రాన్సిస్టర్ లోపలిది. నిజానికి అన్నిటికంటే మోసం చేసేది ఇదే. ఈల వినిపించదు, కానీ ఫజ్ శబ్దం బొంగురుగా, సన్నగా వస్తుంది, నోటు చివర తుపతుపమని తెగిపోతుంది. బయాస్ (ట్రాన్సిస్టర్‌ని సరైన చోట నిలబెట్టే వోల్టేజీ) తప్పిందనుకుని గంటలు గంటలు ట్రిమ్మర్ (స్క్రూడ్రైవర్‌తో సర్దే చిన్న పాట్) తిప్పుతూ కూర్చుంటాం. లోపల జరుగుతున్నదేమిటంటే ట్రాన్సిస్టర్ మన చెవికి అందనంత ఎత్తులో, ఒక్కోసారి లక్షల హెర్ట్జ్‌లో అరుస్తోంది.

దీన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్‌ను డీసీ వోల్టేజీలో పెట్టి, మైనస్ ముల్లు గ్రౌండ్‌కి క్లిప్ చేసి, ప్లస్ ముల్లు రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ మీద ఉంచండి (ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల పేర్లు కలెక్టర్, బేస్, ఎమిటర్). ఇప్పుడు పొడి వేలితో మొదటి ట్రాన్సిస్టర్ ఒంటి మీద మెల్లగా తాకండి. 9 వోల్టుల బ్యాటరీతో ప్రమాదమేమీ లేదు. మీటర్ అంకె ఉన్నట్టుండి ఒక వోల్టు అటో ఇటో గెంతితే ఆ వినిపించని అరుపు ఉన్నట్టే. పెడల్‌లో రేడియో పాటలు వినిపించడం దీనికి చుట్టం. హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్‌ది. సిలికాన్ ట్రాన్సిస్టర్‌కి ఆ స్థాయి లెక్కలోకే రాదు, బీసీ547 పనిచేసే హద్దు దాదాపు 30 కోట్ల హెర్ట్జ్. పాత జర్మేనియం ఏసీ128 హద్దు పది, పదిహేను లక్షల దగ్గరే ఆగిపోతుంది. అందుకే పాత జర్మేనియం ఫజ్‌లలో ఈ బాధ అంతగా కనబడదు. పాత సర్క్యూట్ బొమ్మ చూసి అవే విలువలతో సిలికాన్ పెట్టినవాళ్లకే ఎక్కువ.

మందు చవకైనదే. 100 పికోఫారాడ్ సెరామిక్ కెపాసిటర్‌ను ముందు రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య, ట్రాన్సిస్టర్ కాళ్లకి వీలైనంత దగ్గరగా అతికించండి. చాలకపోతే మొదటిదానికీ ఒకటి, దానికి 47 సరిపోతుంది. రేడియో వినిపిస్తుంటే ఇన్‌పుట్‌లో 1కె రెసిస్టర్ ఒకటి వరుసలో వేసి చూడండి. మరీ ఎక్కువ వేస్తే ఫజ్‌కి ఆ మొరటుదనం పోతుంది, నాకైతే అది నచ్చదు.

ఇక్కడ మాత్రం ట్రాన్సిస్టర్ మార్చడంలో అర్థముంది. బీసీ547లో ఏ, బీ, సీ అని మూడు రకాలుంటాయి. ఏ రకం గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) 110 నుంచి 220 దాకా, బీ 200 నుంచి 450, సీ 420 నుంచి 800. షాపులో అడక్కపోతే బీయో సీయో ఇస్తారు. ఈ సర్క్యూట్‌కి ఏ రకం చాలు, అది ఒద్దికగా ఉంటుంది.

వోల్టేజీలు ఏం చెబుతాయి

అరుస్తున్న పెడల్‌లో వోల్టేజీ కొలిస్తే తప్పుడు అంకెలొస్తాయి, కాబట్టి గిటార్ వాల్యూమ్ సున్నాలో ఉంచి కొలవండి. సిలికాన్ అయితే మొదటి ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర 0.6 వోల్టు, కలెక్టర్ దగ్గర 1.3 చుట్టుపక్కల, రెండోదాని ఎమిటర్ దగ్గర 0.7. ఈ 0.7 వోల్టు 1కె ఫజ్ పాట్ మీద పడుతోందంటే 0.7 మిల్లీఆంపియర్ ప్రవహిస్తోందన్నమాట. అదే కరెంటు 8.2కె, 470 ఓమ్‌ల గుండా వస్తూ 6 వోల్టులు దింపేస్తుంది, రెండో కలెక్టర్ దగ్గర మిగిలేది 3. మంచి ఫజ్‌కి అక్కడ 4.5 ఉంటే బాగుంటుందంటారు, నా చెవికీ అదే బాగుంది. అందుకే 8.2కె బదులు 10కె ట్రిమ్మర్ పెట్టి తిప్పుకోవడం మంచిది, దాదాపు ఆరు కిలో ఓమ్‌ల చోట కూర్చుంటుంది.

రెండో కలెక్టర్ దగ్గర 9 వోల్టులు కనిపిస్తే ఆ ట్రాన్సిస్టర్ నిద్రపోతోంది. దాని బేస్‌కి వోల్టేజీ అందట్లేదు, లేదా మొదటి ట్రాన్సిస్టర్ షార్ట్ అయింది. 1 వోల్టు దగ్గర ఉంటే మొదటిది పనిచేయట్లేదు. ఈ రెండు సందర్భాల్లోనూ ముందు కాళ్ల వరస చూడండి. చదును ముఖం మన వైపు పెట్టుకుంటే బీసీ547 కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 అయితే సరిగ్గా తిరగబడి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని బదులు ఇంకోటి పెట్టేటప్పుడు తిప్పి పెట్టాలి.

కాళ్లు సరిగ్గా ఉంటే బోర్డు వెనక్కి తిప్పండి. స్ట్రిప్‌బోర్డ్ మీద రాగి గీతల మధ్య వెంట్రుకంత సోల్డర్ పోగు చాలు, మొత్తం పాడవడానికి. సెల్‌ఫోన్ టార్చ్‌ను బోర్డు వెనక నుంచి వేసి చూడండి, గీతల మధ్య వెలుగు సన్నటి పట్టీలుగా దాటి వస్తుంది. ఎక్కడైనా ఆ పట్టీ మధ్యలో నల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ సోల్డర్ అడ్డం ఉంది. బ్లేడు మొనతో గీతల మధ్య గీసి, పాత టూత్‌బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రుద్దండి. గీతలు కోయాల్సిన చోట కోత పూర్తిగా పడిందో లేదో మీటర్‌తోనే చూడండి, కంటికి తెగినట్టే ఉండి అంచున దారమంత రాగి మిగిలిపోతుంది.

శబ్దమే రాకపోతే ఇంకో ఉపాయం. పాత కేబుల్ ఒక చివర కత్తిరించి, లోపలి వైరుకి 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ అతికించండి, బయటి అల్లికకి మొసలి క్లిప్ పెట్టి గ్రౌండ్‌కి పట్టించండి, రెండో చివర ఆంప్‌లో పెట్టండి. గిటార్ బదులు ఫోన్‌లో శ్రుతి పెట్టె యాప్ పెట్టి, వాల్యూమ్ బాగా తగ్గించి, ఆ సిగ్నల్‌ని ఇన్‌పుట్‌కి ఇవ్వండి. ఆగకుండా ఒకే శ్రుతి వస్తుంటుంది కాబట్టి రెండు చేతులూ ఖాళీ. కెపాసిటర్ రెండో కాలితో ఇన్‌పుట్, మొదటి బేస్, మొదటి కలెక్టర్, రెండో కలెక్టర్, ఇలా వరసగా తాకుతూ వెళ్తే శ్రుతి ఎక్కడ మాయమైతే తప్పు అక్కడ. ఫోన్ పెట్టగానే అరుపు ఆగిపోయిందంటే కంగారు పడకండి, ఫోన్ ఇన్‌పుట్‌ని గట్టిగా పట్టుకుంటుంది. అది కూడా మీ అరుపు ఇన్‌పుట్ దారిదేనని చెప్పే గుర్తు. ఈ కేబుల్‌ను కరెంటు మీద నడిచే ఆంప్‌ల లోపల ఎప్పుడూ వాడకండి, బ్యాటరీ పెడల్స్‌కి మాత్రమే.

జర్మేనియం వాడినవాళ్లకి

పాత రేడియోల్లోంచి తీసిన ఏసీ128లు పెట్టి ఉంటే రెండు సంగతులు. అవి పీఎన్‌పీ రకం (బీసీ547కి ప్లస్, మైనస్ తిరగబడినట్టు), పాత పద్ధతిలో బ్యాటరీ ప్లస్ గ్రౌండ్‌కి వెళ్తుంది. వేరే పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కి గుత్తిగా తగిలిస్తే షార్ట్ అవుతుంది, దానికి విడిగా బ్యాటరీ పెట్టండి. వోల్టేజీ తిప్పడానికి 7660 ఐసీ వాడి ఉంటే అదే 10 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా పాడుతుంటుంది. 7660ఎస్ రకం తెచ్చి ఒకటో కాలిని ఎనిమిదో కాలికి కలిపితే ఆ పాట చెవి దాటి పైకి పోతుంది.

రెండోది ఎండ. జర్మేనియంలో లీకేజీ (ఆగి ఉండాల్సినప్పుడు కూడా జారిపోయే కరెంటు) ప్రతి పది డిగ్రీలకీ దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం పూట పెడల్ గొంతు మారిపోతే అది పాడైనట్టు కాదు, తెల్లవారుజామున మళ్లీ పెట్టి చూడండి. ట్రిమ్మర్ సర్దేటప్పుడు ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకోకండి, ఒంటి వేడికే అంకె జరుగుతుంది.

కావాలన్న అరుపు రాకపోతే

అక్కర్లేని అరుపు ఆగాక ఫీడ్‌బ్యాక్ స్విచ్ నొక్కండి. ఏమీ రాకపోతే ముందు గిటార్ వాల్యూమ్ చూడండి, సున్నాలో ఉంటే తిరిగొచ్చిన సిగ్నల్ అంతా గ్రౌండ్‌లోకే పోతుంది. నిజానికి వాయించేటప్పుడు ఇది మనకి ఆయుధం. స్విచ్ నొక్కి ఉంచి గిటార్ వాల్యూమ్‌ని అటూ ఇటూ తిప్పితే ఈల శ్రుతి దానితోపాటే ఎక్కీ దిగీ, గమకంలా ఊగుతుంది.

ఫజ్ ముందు బఫర్ ఉన్న ట్యూనర్ పెట్టినా అరుపు రాదు, ఫోన్ పెట్టినప్పుడు ఆగినట్టే. ఇన్‌పుట్ జాక్‌కీ ఫీడ్‌బ్యాక్ వైరు కలిసే చోటుకీ మధ్య 10కె రెసిస్టర్ వేయండి. శబ్దం గట్టిగా రావాలని చివర్లో మూడో ట్రాన్సిస్టర్ పెట్టారా? అయితే సిగ్నల్ మూడోసారి తలకిందులైంది, తిరిగొచ్చి కలిసినా అరుపు బదులు గొంతు నీరసపడుతుంది. ఫీడ్‌బ్యాక్ వైరును రెండో ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ నుంచి తీసుకోండి, అక్కడున్న 0.01 మైక్రోఫారాడ్ కెపాసిటర్ తర్వాత.

నొక్కగానే గిటార్ శబ్దం చచ్చిపోయి నిశ్శబ్దం మాత్రమే వస్తే అరుపు పుట్టింది కానీ చెవికి అందనంత పైన ఉంది. పాట్ తర్వాత నుంచి గ్రౌండ్‌కి 0.01 మైక్రోఫారాడ్ పెట్టండి, ఈల కిందికి దిగుతుంది. ఇంకా దింపాలంటే 0.047, 0.1. ఇక్కడ లెక్కల కంటే చెవి మేలు. నాలుగైదు కెపాసిటర్లు మొసలి క్లిప్‌లతో మార్చి మార్చి వినండి, మీ ఆంప్‌కి, మీ గిటార్‌కి ఏది బాగుందో అదే అతికించండి.

మూత బిగించాక మళ్లీ ఒకసారి

మూత తెరిచి ఉన్నప్పుడు బుద్ధిగా ఉన్న పెడల్ బిగించగానే అరవవచ్చు, లేదా తెరిస్తే అరిచేది బిగిస్తే ఊరుకోవచ్చు. బోర్డు చుట్టూ లోహం చేరితే వైర్ల మధ్య జారుడు మారుతుంది. ప్లాస్టిక్ డబ్బా అయితే లోపల వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించి గ్రౌండ్‌కి కలపండి, దాని మీద టేపు వేయండి. అల్యూమినియంకి సోల్డర్ అంటదు, జాక్ నట్టు కింద నొక్కి పట్టేలా పెట్టాలి. స్టీలు టిఫిన్ డబ్బాలో చేసుకున్నవాళ్లకి ఈ పని ఉండదు, కాకపోతే పాట్ కాళ్లు మూతకి తగలకుండా టేపు వేసుకోండి.

నాలుగు స్క్రూలూ బిగించి, ఫజ్ పూర్తిగా పెంచి, గిటార్ వాల్యూమ్ 10లో ఒకసారి, 7లో ఒకసారి, సున్నాలో ఒకసారి వినండి. మూడు చోట్లా నిశ్శబ్దం ఉండి, స్విచ్ నొక్కినప్పుడు మాత్రమే ఈల వస్తే పని అయిపోయినట్టే. మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి రెండు ట్రాన్సిస్టర్ల వోల్టేజీలు, ఏ కెపాసిటర్ కొత్తగా వేశారో, తేదీతో సహా రాసి పెట్టండి. వచ్చే ఎండాకాలం మళ్లీ గొంతు మారితే ఆ కాగితం పక్కన పెట్టుకుని కొలవడం మొదలుపెట్టవచ్చు.